రెండోసారి తెగిన తోక

భూమికి తోక ఉంటుందని చెబితే మా నాయన నమ్మలేదు. బంగారుపాళ్యం దగ్గర మా మామిడితోపులో కోతలు జరుగుతున్న రోజులవి, తొంభైల చివర. కాయల గంపల మధ్య గోనెపట్ట పరుచుకుని కూర్చుని, నా వైపూ, నాతో వచ్చిన గూడూరు అబ్బాయి వైపూ మార్చి మార్చి చూశాడు. "కోతికి తోకుండాది, ఆవుకి తోకుండాది. భూమికి యాడిది పాపా తోక? మీ యూనివర్సిటీలో నిన్ను ఎర్రిదాన్ని సేస్తా ఉండారు" అన్నాడు.

అప్పటికి నేను తిరుపతిలో భౌతికశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తున్నాను. ఆ గూడూరు అబ్బాయి నాకంటే ముందు చేరాడు. ఇద్దరికీ ఒకే గైడు, ఒకే గది, ఒకే కంప్యూటరు. సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తూ ఉంటుంది. మనకు చెమట ఆర్చే గాలి కాదు, విద్యుదావేశం ఉన్న కణాల ప్రవాహం. సౌర పవనం అంటాం. అది భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని ఎదురువైపు నొక్కేసి, వెనకవైపు చంద్రుణ్ణి దాటిపోయేంత దూరం సాగదీస్తుంది. ఆ సాగిన భాగమే తోక. పైన గాలి మారితే కింద ఆ తోక ఏమవుతుందో కంప్యూటరులో లెక్కలు నడిపి చూడడం మా పని.

ఇదంతా నాయనకు చెప్పబోయి నేను మధ్యలోనే విసుక్కున్నాను. నాకు ఓపిక తక్కువ. ఒకసారి చెబితే అర్థం కావాలి, కాకపోతే నా గొంతు లేస్తుంది. అతను మాత్రం లేచి, నాయన్ని తోపు పక్కనున్న కాలవ దగ్గరికి తీసుకెళ్ళాడు. బోరు నీళ్ళు పారుతున్నాయి. పిడికిలంత రాయి ఒకటి తెచ్చి కాలవ మధ్యలో పెట్టాడు.

"చూడండి సార్, నీళ్ళు వచ్చి రాయికి ముందర తట్టుకుంటా ఉండాయి. వెనకాల ఎట్టా పొడుగ్గా సాగిందో చూడండి. ఆ రాయే భూమి అనుకోండి."

నాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి చాలాసేపు చూశాడు. "నీళ్ళు ఇంకొంచెం ఎక్కువొదిల్తే?" అన్నాడు.

"మేం చూసేది అదే సార్."

నాయన నా వైపు తిరిగి, ఇంతసేపూ ఈ ముక్క చెప్పడం నీకు చేతకాలేదా అన్నట్టు చూశాడు. ఆ మధ్యాహ్నం అతనికి ఏరి ఏరి కాయలు కోసి పెట్టాడు.

తిరుగు బస్సులో నాకు నవ్వు ఆగలేదు. పంచె ఎగగట్టుకుని, కాళ్ళ నిండా బురదతో ఉన్న మనిషిని పట్టుకుని సార్ ఏమిటి! అదే అడిగాను. అతను కిటికీ వైపు తిరిగాడు. అతని నోట నేనెప్పుడూ 'మే'నే, మా వైపు చనువున్న ఆడపిల్లను అలాగే పిలుస్తారు.

"మరేమని పిలవమంటావు మే? పెదనాయనా అంటే నువ్వు నాకు చెల్లెలివైపోతావు. మామా అనేదానికి ఇంకా ధైర్యం చాలలా."

మా ఇద్దరి మధ్యా ఆ సంగతి మాటల్లోకి రావడం అదే మొదటిసారి. నా ఒళ్ళో మామిడికాయల సంచి ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చిత్తూరు, పాకాల, చంద్రగిరి ఎప్పుడు దాటిపోయాయో తెలియలేదు. తిరుపతిలో దిగేటప్పుడు కండక్టరు, "ఏమ్మా, దిగే ఆలోచన ఉండాదా లేదా?" అని అరిచాడు.

అతని ఇంటి సంగతి చెప్పాలి. గూడూరులో వాళ్ళకు నిమ్మకాయల మండీ ఉంది. తండ్రి చిన్నప్పుడే పోతే అన్నే అన్నీ చూసుకుంటూ తమ్ముణ్ణి చదివించాడు. అంతకు ముందు సంవత్సరం నాయుడుపేట దగ్గర లారీ గుద్ది ఆ అన్నకు కాలు నుజ్జయింది. కర్ర లేకుండా నడవలేడు. తెల్లారకముందే మండీకి పోయి, బస్తాల మధ్య తిరిగి, రైతులతో బేరాలాడే పని ఒంటికాలితో అయ్యేది కాదు. అయినా తమ్ముణ్ణి వెంటనే రమ్మనలేదు. "దీపావళి దాకా చూస్తా. నీ చదువు ఒక ఒడ్డుకు చేరేట్టుంటే ఆడే ఉండు, నేనెట్టో తంటాలు పడతా. లేదంటే వచ్చి మండీలో కూచో" అన్నాడు.

ఒడ్డుకు చేరడమంటే మా లెక్కలో ఒక పేపరు. ఇంతకుముందు ఎవరూ చూడని సంగతి ఒకటి దొరికి, అది పేపరుగా బయటికి పోతే, థీసిస్ నిలబడినట్టే. అప్పుడు అతను ఉంటాడు. ఉంటే డాక్టరేటు చేతికి రాగానే బంగారుపాళ్యం వచ్చి నాయన్ని మామా అని పిలుస్తాడు. వాళ్ళది వ్యాపారం చేసే కులం, మాది సేద్యం చేసే కులం. చదువు మధ్యలో వదిలేసి మండీలో కూర్చున్నవాడిగా వస్తే రెండిళ్ళలోనూ ఆ మాట ఎత్తడానికి నోరుండదని అతను గట్టిగా నమ్మాడు. నేను నమ్మలేదు. ఆ మాటే అతనితో ఎన్నోసార్లు పోట్లాడాను కూడా. కానీ అతను ఒకటి అనుకుంటే అంతే.

కాబట్టి ఆ ఎండాకాలం మా ఇద్దరి బతుకూ ఆ తోక మీద ఆధారపడి ఉంది. ఇప్పుడు రాస్తుంటే నాకే విచిత్రంగా ఉంది కానీ, అప్పుడు అందులో విచిత్రమేమీ కనిపించలేదు.

సౌర పవనం తనతోపాటు కొంత అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. అది ఉత్తరానికి తిరిగి ఉన్నంతసేపూ భూమి తలుపు వేసుకుని కూర్చున్నట్టే. దక్షిణానికి తిరిగిందంటే తలుపు తెరుచుకుంటుంది. ముందువైపు నుంచి శక్తి లోపలికి వచ్చి, వెనక తోకలో చేరుతూ ఉంటుంది. తోక సాగుతుంది, నడుమ సన్నబడుతుంది, ఇక ఓర్చుకోలేక ఒకచోట పుటుక్కున తెగుతుంది. తెగిన ముక్క దూరంగా ఎగిరిపోతుంది, మిగిలింది భూమి వైపు విసురుగా వెనక్కి వస్తుంది. ధ్రువాల దగ్గర ఆకాశంలో రంగులు కనిపించేది అప్పుడే. మా గదిలో దాన్ని మేం తుఫాను అనేవాళ్ళం.

అంతరిక్షంలో ఒక ఉపగ్రహం కొలిచిన గాలి వివరాలు ఒక ఫైలుగా మా దగ్గర ఉండేవి. గాలి వేగమెంత, సాంద్రతెంత, క్షేత్రం ఎటు తిరిగింది, వరుసగా. ప్రోగ్రాం ఆ ఫైలును పైనుంచి ఒక్కొక్క వరుసే చదువుతూ, ఆ గాలిని భూమి మీదికి వదులుతూ, తోకను లెక్కగడుతుంది. ఒక్క లెక్క పూర్తవడానికి రోజులు పట్టేవి. ఈలోగా కరెంటు పోతుంది. మా యూపీఎస్ చిన్న చిన్న కోతలకు ఓర్చుకునేది. పెద్ద కోత వస్తే అన్ని రోజుల పనీ గోవిందా. ఆ ప్రోగ్రాం మొదట రాసినవాళ్ళ దేశంలో కరెంటు పోదు కాబట్టి వాళ్ళకు ఆ బాధ తెలియదు.

అందుకని ఆ వసంతంలో అతనూ నేనూ కూర్చుని దానికి ఒక కొత్త భాగం రాసి తగిలించాం. లెక్క నడుస్తూ నడుస్తూ అప్పుడప్పుడూ తన పరిస్థితి మొత్తం డిస్కు మీద దాచుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక, దాచినచోటి నుంచి అందుకుని ముందుకు పోతుంది. రాశాక పరీక్షించాం కూడా. మార్పు లేకుండా ఒకే తీరుగా వీచే గాలితో లెక్క నడిపి, మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టాం. అతుకు ఎక్కడుందో కనిపించలేదు. ఆ రోజు మా అంత మొనగాళ్ళు లేరనుకుని క్యాంటీన్‌కు పోయి మిరపకాయ బజ్జీలు తిన్నాం.

అసలు లెక్క ఎండలు ముదిరాక మొదలుపెట్టాం. మధ్యలో ఒక సాయంత్రం కొండ మీంచి పెద్ద గాలివాన దిగింది. యూనివర్సిటీ రోడ్డులో చెట్లు పడ్డాయి, స్తంభాలు వొరిగాయి. యూపీఎస్ కాసేపు కూతలు పెట్టి ఆగిపోయింది. మరునాడు కరెంటు వచ్చాక మా కొత్త భాగం చక్కగా అందుకుంది. లెక్క ముగిశాక చిత్రాలు గీసి చూస్తే, గాలి ఒక్కసారి దక్షిణానికి తిరిగినందుకు తోక రెండుసార్లు తెగింది. మొదటిది రావలసిన వేళకు వచ్చింది. రెండోది, పైన గాలి పూర్తిగా సద్దుమణిగాక, తలుపు మూసుకున్నాక, ఏ కారణమూ లేకుండా వచ్చింది.

మా గైడు సార్ రిటైరవడానికి దగ్గరలో ఉన్న మనిషి. నెమ్మదస్థుడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తెర దగ్గరికి ముఖం పెట్టి చూశాడు. "మొదటిసారి శక్తి మొత్తం ఖర్చు కాలేదన్నమాట. యాడో దాచిపెట్టుకోని, ఆలస్యంగా వదిలినాది. దీన్ని ఎవరూ సూడలేదమ్మా" అన్నాడు.

పేపరు రాయడం మొదలుపెట్టాం. అతను అన్నకు ఫోను చేసి చెప్పాడు. ఆ వారమే గూడూరు నుంచి ఒక బస్తా నిమ్మకాయలు మా విభాగానికి వచ్చింది. ఒడ్డుకు చేరాడని అన్న సంతోషం. అటెండరు నుంచి హెడ్డు దాకా అందరూ రోజూ నిమ్మకాయ నీళ్ళు తాగారు. మా గదిలోనూ వరండాలోనూ ఎన్నాళ్ళో ఆ వాసన పోలేదు. నేను కొన్ని కాయలు హాస్టలుకు తీసుకుపోయి ఊరగాయ పెట్టాను. నా జన్మలో పెట్టిన మొదటి ఊరగాయ అది.

పేపరు సిద్ధమైంది. చిత్రాలు మసగ్గా ఉన్నాయని, అదే లెక్కను ఇంకోసారి నడిపి, మధ్య దశలు ఎక్కువగా దాచి, స్పష్టంగా గీసి పంపుదామని సార్ అన్నాడు. బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయి. తిరుపతిలో ఆ రోజుల్లో కరెంటు పోదు. మిగతా సంవత్సరమంతా ఎంత ఏడిపించినా, స్వామి ఊరేగే దినాల్లో ఊరు ఊరంతా దీపాలతో వెలగాల్సిందే. కొండకింద వీధులన్నీ గుండు తలలతో, గోవింద నామాలతో నిండిపోయాయి. మా లెక్క ఒక్కసారి కూడా ఆగకుండా, మొదటి నుంచి చివరిదాకా నడిచింది.

తోక ఒక్కసారే తెగింది.

నేను కంప్యూటరును తిట్టాను. ఫైలు పాడైందన్నాను, డిస్కు పాడైందన్నాను, పనికిమాలిన డబ్బా కొన్నారని విభాగాన్ని తిట్టాను. అతను పాత చిత్రాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "ఆ గాలివాన వచ్చినప్పుడు లెక్క ఎంతదాకా నడిచిండాది మే?" అని అడిగాడు. రెండో తుఫాను వచ్చింది దాని తరువాతే అని నాకు తట్టేలోపల అతను మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. ఈసారి తోక చుట్టూ ఉన్న చోటును ముతక గళ్ళుగా విడగొట్టి, కొంచెం మసగ్గా ఉన్నా తొందరగా అయిపోయేలా పెట్టాడు. మొదటి తుఫాను వచ్చి, తోక సర్దుకునేదాకా ఆగాడు. అప్పుడు లేచి గోడ దగ్గరున్న యూపీఎస్ దాకా పోయి, నా వైపు ఒకసారి చూసి, కంప్యూటరు ప్లగ్గు పీకేశాడు.

తెర నల్లబడింది. మళ్ళీ ప్లగ్గు పెట్టాడు. మెషీను లేచింది, లెక్క దాచినచోటి నుంచి అందుకుంది. ఇద్దరం కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం. చాలాసేపటికి తోక మళ్ళీ సాగడం మొదలుపెట్టింది. సన్నబడింది. తెగింది.

అతను మళ్ళీ లేచి పీకాడు. మూడో తుఫాను వచ్చింది.

"ఎన్నిసార్లు పీకితే అన్ని తుఫాన్లు" అన్నాడు. "సూర్యుడు కాదు మే దీన్ని చేసింది. కరెంటోళ్ళు."

సంగతి ఏమిటంటే, మేం రాసిన భాగం తోక పరిస్థితిని దాచుకుంది, ఎంత కాలం గడిచిందో దాచుకుంది, కానీ గాలి ఫైలులో ఏ వరుసదాకా చదివిందో దాచుకోలేదు. మళ్ళీ మొదలైన ప్రతిసారీ గాలిని మొదటి వరుస నుంచి చదివింది. అయిపోయిన గాలి మళ్ళీ వీచింది, మూసుకున్న తలుపు మళ్ళీ తెరుచుకుంది. మేం పరీక్షించింది మారని గాలితో కాబట్టి మొదటి వరుసైనా చివరి వరుసైనా ఒకటే. చిత్రాల్లో గాలి గీతను అసలు ఫైలు నుంచి విడిగా గీశాం కాబట్టి అక్కడా కనిపించలేదు. ఇద్దరం కలిసి రాసింది, ఇద్దరం కలిసి చూడనిది. కరెంటు పోని దేశంలో పుట్టినవాళ్ళకు ఈ తప్పు చేసే అవకాశమే లేదు.

ఒక్కసారి తెగిన తోక కొత్త సంగతి కాదు. దాన్ని అందరూ ఎప్పుడో చూశారు. పేపరు లేదు.

అతను ఆ సాయంత్రమే సార్‌కు చెప్పాడు. నేనూ పక్కనే ఉన్నాను. సార్ చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. "పంపకముందే దొరికినాది, మంచిదే" అని, "ఇంకో సంవత్సరం కష్టపడితే ఏదో ఒకటి వస్తాది లేప్పా" అన్నాడు. సార్‌కు చెప్పవలసిందే. పేపరు ఆపాలి. అందులో నాకు రెండో మాట లేదు, అప్పుడూ లేదు.

కానీ అన్నకు ఎందుకు చెప్పాలి?

వరండాలో నిలబడి అదే అడిగాను. కొండ మీద దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. కింద బస్సుల్లోంచి గోవిందా గోవిందా అని అరుపులు. "మీ అన్నకు సౌర పవనమంటే తెలుసా? క్షేత్రం దక్షిణానికి తిరగడమంటే తెలుసా? ఇంకొంచెం పనుండాది, ఆలస్యమవతాదని సెప్పు. అది అబద్ధం కాదే! పనుండేది నిజమే గదా!" అన్నాను. అరిచాను అనడమే సరి.

"అన్న నన్నడిగింది ఒకటే మాట. ఒడ్డుకు చేరినావా లేదా అని. చేరినా అని చెప్పినా. నిమ్మకాయలు పంపించినాడు. ఇప్పుడు చేరలేదని చెప్పకుండా ఎట్టా ఉండేది? ఆ కాలితో ఆయన పొద్దున్నే మండీకి పోతా ఉంటే నేనీడ ఇంకో తుఫాను కోసరం కూచోవాల్నా?"

"మరి నేను?"

అతను జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే, ఏ జవాబైనా సరే, నేను దాన్ని పట్టుకుని ఇంకా పోట్లాడేదాన్ని. అందుకే చెప్పలేదేమో. ఆ వారంలో గూడూరు పోయి అన్నకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అన్న కోప్పడలేదట. ఇంకో సంవత్సరమంటే తనతో కాదని మాత్రం అన్నాడట.

ఆ అన్న మీద నాకు కోపం లేదు. ఆయన ఇవ్వగలిగిన గడువు ఇచ్చాడు, ఉన్న కాలితో నడిచాడు. నా కోపమంతా ఇతని మీదే. నిజం చెప్పవలసినవాళ్ళకు చెప్పాడు, అవసరం లేనివాళ్ళకూ చెప్పాడు. నా దగ్గర మాత్రం నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్ళయినా ఈ విషయంలో నా మనసు మారలేదు. నిజాయితీపరుణ్ణి ప్రేమించడమంత తలనొప్పి ఇంకోటి లేదు.

దీపావళికి ముందు అతను వెళ్ళిపోయాడు. గూడూరు పాసింజరు ఎక్కితే, రేణిగుంటలో దిగిపోతానని నేనూ ఎక్కాను. ఎదురెదురుగా కూర్చున్నాం. పక్కన గుండు చేయించుకున్న కుటుంబం ఒకటి లడ్డూ విప్పి అందరికీ చిటికెడు చిటికెడు పంచింది. మేమిద్దరం చేతులు చాపి తీసుకుని కళ్ళకద్దుకున్నాం. పెళ్ళయినవాళ్ళమనుకుని ఆ పెద్దావిడ నాకు కుంకుమ పొట్లం కూడా ఇచ్చింది. నేను కాదనలేదు. అతను చూశాడు. రేణిగుంట వచ్చింది. నేను దిగి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏదో ఒక మాట అంటాడని చూశాను.

"ఫైలు ఏ వరుసదాకా చదివిందో అది కూడా దాచిపెట్టేటట్టు రాయి మే. మరిచిపోవద్దు" అన్నాడు.

రైలు శ్రీకాళహస్తి వైపు కదిలిపోయింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి, సిగ్గు లేకుండా, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. కూలీ ఒకాయన వచ్చి, "ఏమైనా పోగొట్టుకున్నావామ్మా?" అని అడిగాడు.

తరువాత కోతలకు ఇంటికి పోయినప్పుడు నాయన అడిగాడు, కాలవలో రాయి పెట్టిన అబ్బాయి ఏమైనాడని. చదువు మానేసి ఊరికి పోయాడని చెప్పాను. నాయన కాయకు అంటిన సొన తుడుస్తూ, "మళ్ళీ వస్తాడనుకుంటినే" అన్నాడు. "నన్ను మామా అనలేక సార్ అన్న్యాడని నాకు ఆ పొద్దే తెలిసినాది పాపా. వచ్చి అడిగింటే నేను కాదందునా? మండీ అయితే ఏమి, మాకు మాత్రం మండీలతో పని లేదా?"

నేను లేచి తోపు చివరిదాకా నడిచిపోయాను. అక్కడ ఎవరూ లేరు. ఆ రోజు ఏడవడం కూడా చేతకాలేదు. అతను అంత గట్టిగా నమ్మినది తప్పని నాయన అంత తేలిగ్గా చెప్పేశాడు. చెప్పి మళ్ళీ కాయలు తుడుచుకోవడంలో పడ్డాడు. అప్పటికే గూడూరులో అతనికి పెళ్ళి కుదిరిందని సార్ ద్వారా నాకు తెలిసి ఉంది.

నేను ఆ తప్పు దిద్దాను. గాలి ఫైలు వరుస కూడా దాచేలా రాశాను. ఇంకో చిన్న సంగతి మీద నా థీసిస్ అయింది. అదే విభాగంలో ఉద్యోగం వచ్చింది, సార్ రిటైరయ్యాక ఆయన గది నాకిచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. దానికి అతనే కారణమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలాగని కాదని కూడా అనలేను.

కొన్నేళ్ళ తరువాత, ఒక మధ్యాహ్నం, ముగ్గురు గుండ్లతో నా గది గుమ్మంలో నిలబడ్డారు. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఆమె చంకలో పిల్ల. నున్నటి తలలకు పసుపుపచ్చగా చందనం. దర్శనానికి వచ్చి, పనిలో పనిగా సర్టిఫికెట్ల కోసం తిరుగుతున్నవాళ్ళనుకుని, "పరీక్షల ఆఫీసు అటు" అన్నాను. మగమనిషి నవ్వాడు. ఆ నవ్వుతో గుర్తుపట్టాను.

పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు వచ్చారట. అన్న ఇంకా మండీకి వస్తున్నాడట, కుర్చీలో కూర్చుని కేకలు వేస్తాడట. భార్య మంచి మనిషి. గదిలో గోడలకున్న చిత్రాలన్నీ ఆసక్తిగా చూసింది. నేను ఇద్దరికీ కుర్చీలు వేసి కాఫీ తెప్పించాను. పిల్ల నా బల్ల మీద పేపర్‌వెయిట్లన్నీ కింద పడేసింది.

"ఆ లెక్క ఇప్పుడు ఎంతసేపు పడుతుంది?" అని అతను అడిగాడు.

"కాఫీ తాగేలోపల అయిపోతాది."

"ఒకసారి చూడొచ్చునా?"

కొత్త కంప్యూటరులో అదే గాలి ఫైలు పెట్టి నడిపాను. అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గాలి దక్షిణానికి తిరిగింది. తోక సాగింది, సన్నబడింది, తెగింది. తెగిన ముక్క తెర అంచు దాటి పోయింది. ఆ తరువాత గాలి సద్దుమణిగింది, తోకా సద్దుమణిగింది. లెక్క ముగిసినా అతను తెర వైపే చూస్తున్నాడు. అతని చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"రెండోది రాలా" అన్నాడు.

"రాదు. దిద్దినాను గదా."

తల ఊపాడు. లేచి పిల్లను ఎత్తుకున్నాడు. భార్య వైపు తిరిగి, "ఇదంతా ఈ మేడమే చేసినారు" అన్నాడు. తరువాత నా వైపు చూసి, "వస్తాం మేడం" అన్నాడు.

మా నాయన్ని సార్ అన్నప్పుడు ఏ మాట మింగాడో నాకు బస్సులో చెప్పాడు. ఇప్పుడు ఏ మాట మింగాడో చెప్పడానికి మాకు బస్సు లేదు.

వాళ్ళు మెట్లు దిగి, రోడ్డు దాటి, ఆటో ఎక్కేదాకా కిటికీలోంచి చూశాను. తరువాత వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. ఏ ప్రోగ్రామునూ చెరిపేయవద్దని సార్ మాకు నేర్పాడు, తప్పువి కూడా. మేమిద్దరం రాసినది, దిద్దనిది, నా దగ్గర అలాగే ఉంది. దాన్ని తెరిచి అదే గాలితో నడిపాను. తోక ఒకసారి తెగింది. లేచి పోయి గోడ దగ్గర ప్లగ్గు పీకాను. మళ్ళీ పెట్టాను.

రెండోది అబద్ధమని నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరూ లేరు. వచ్చేదాకా కూర్చుని చూశాను.